బూడిద నేలలో ముసలి ద్రాక్షలు
వేరును కాపాడుకొన్న దీవి రైతుల వృత్తాంతము - మన మెట్ట రైతులకు కొన్ని సూచనలు

కొవ్వూరు దాటి పంగిడి, దుద్దుకూరు గ్రామములకు పోవువారికి అక్కడి క్వారీలలో నల్లరాయి కనిపించును. గోదావరికి ఈవలి గట్టున రాజమహేంద్రవరమును ఆనుకొని యున్న కాటేరులోను ఇదే రాయి గలదు. రోడ్లకు కంకరగా మనము వాడుకొనుచున్న ఈ రాయి ఒకప్పుడు నిప్పుల ప్రవాహము. సుమారు 6.5 కోట్ల సంవత్సరముల క్రిందట పడమటి కనుమల ప్రాంతమున భూమి పగిలి, లావా పొంగి, సుమారు 1,000 కిలోమీటర్లు ప్రవహించి ఇచ్చట చల్లారినదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ప్రపంచములో ఇంతవరకు గుర్తించిన లావా ప్రవాహములలో అతి పొడవైనవి ఇవే.

గోదావరి మహారాష్ట్రలో పుట్టి ఆ నల్లరాతి పీఠభూమి మీదుగా ప్రవహించి వచ్చుచున్నది. వచ్చునప్పుడు ఆ రాయి అరిగిన మట్టిని వెంట తెచ్చుచున్నది. కావున సామర్లకోట కాలువ క్రింద వరి నాటు రైతు త్రొక్కు బురదలో కొంత భాగము అగ్నిశిలల పొడియే. కోట్ల సంవత్సరములు ఎండకు, వానకు చివికి అది మెత్తని బంకమట్టి అయినది. నీటిని పట్టి యుంచుచున్నది. మూడు పూటలా అన్నము పెట్టుచున్నది.

మరి అగ్నిపర్వతము పగిలి ఎంతో కాలము కాని చోట నేల ఎట్లుండును? బంకమన్ను ఇంకను తయారుకాని బూడిదలో, కాలువ గాని బావి గాని లేని వాలు భూములలో, వానయు సరిగా కురియని దీవిలో, రైతు ఏమి పండించి బ్రతుకును? ఈ ప్రశ్నలకు గ్రీసు దేశములోని శాంటోరిని దీవి రైతులు తరతరములుగా సమాధానము చెప్పుచున్నారు. వారి పంట ద్రాక్ష. ఆ పండ్ల నుండి వారు వైను తీయుదురు. వైనుతో మన రైతులకు పని లేకపోవచ్చును గాని, ఆ తీగను వారు పెంచు తీరు, దాని వేరును కాపాడు తీరు ప్రతి మెట్ట రైతు తెలిసికొనదగినవి.

ఆ దీవి ఎట్టిది?

శాంటోరినికి థీరా అనునది మరియొక పేరు. అది ఏజియన్ సముద్రములో నున్నది. సుమారు 3,600 సంవత్సరముల క్రిందట అచ్చటి అగ్నిపర్వతము భయంకరముగా ప్రేలెను. దీవి నడిమి భాగము సముద్రములో కూలిపోయి, మిగిలిన అంచు నెలవంక వలె నిలిచెను. అప్పటి అక్రోతిరి పట్టణము బూడిద క్రింద కప్పబడిపోగా, 1967 నుండి త్రవ్వకములు జరిపి దానిని వెలికి తీయుచున్నారు.

ఆ ప్రేలుడులో పడిన బూడిద, నీటిపై తేలునంత తేలికైన ప్యూమిస్ అను బుడగరాయి, లావా ముక్కలు కలిసినదే అక్కడి నేల. అందు బంకమన్ను మిక్కిలి తక్కువ. ఆకు చివికిన సారము దాదాపు లేదు. పొటాష్ కూడ తక్కువ. వర్షపాతము సగటున సంవత్సరమునకు 15 అంగుళముల లోపే. మన రాష్ట్రములో కరువు జిల్లా అని పేరుపడిన అనంతపురములో కూడ అంతకంటె ఎక్కువ కురియును. ఆ కొద్దిపాటి వానయు శీతకాలములోనే పడి, వేసవి అంతయు చుక్క లేకుండ గడచును. దీనికి తోడు వేసవిలో ఉత్తరపు గాలి రోజుల తరబడి విసరుచుండును. ఆ గాలికి ఇసుక రేగి లేత చిగుళ్ళను కోసివేయును.

ఇన్ని కష్టములలో ఒక మేలు గలదు. రాత్రివేళ సముద్రము మీది నుండి తేమ, మంచు వాలుల మీదికి ప్రాకును. బుడగరాయి నిండ సన్నని రంధ్రములుండుటచే ఆ తేమను పీల్చుకొని పగలు మెల్లగా విడుచును. శీతకాలపు వాననీరును కూడ అట్లే లోపల దాచును. వాలులను మెట్లు మెట్లుగా మలచి, సున్నము లేని రాతి గోడలు కట్టి, పడిన వానను, మట్టిని జారిపోకుండ ఆపుదురు. మన మెట్టలో గట్లు వేయుట వంటిదే ఈ పని.

బుట్టవలె అల్లిన తీగ

మన వైపు ద్రాక్ష అనగానే పందిరి గుర్తుకు వచ్చును. శాంటోరినిలో పందిరి వేసినచో ఒక్క గాలికి పూత, పిందె, ఆకు అన్నియు పోవును. కావున అక్కడి రైతు తీగను నేల మీదనే ఉంచి, ముదురు కొమ్మలను గుండ్రముగా చుట్టి, ఏటేటా ఒక వరుసపై మరియొక వరుస అల్లుకొనుచు పోవును. కొన్నేండ్లకు అది మన యిండ్లలోని వెదురు గంప ఆకారమునకు వచ్చును. ఈ పద్ధతిని వారు కులూరా అందురు.

గుత్తులు ఆ గంప లోపలి వైపునకు కాయును. పైన ఆకులు నీడ పట్టును. గాలి, ఇసుక బయటి అల్లికకు తగిలి ఆగిపోవును. రాత్రి పడిన తేమ గంపలో కొంతసేపు నిలుచును. గంపకు గంపకు నడుమ రెండు మీటర్లకు పైబడి ఎడము ఉంచుదురు. నేలలో నీరు కొద్ది గనుక మొక్కలు దగ్గరైనచో ఒకదాని నోటిది మరియొకటి లాగుకొనును. ఈ విషయము వారికి పుస్తకములు చెప్పినది కాదు. నేలయే నేర్పినది.

కొమ్మ కత్తిరింపు శీతకాలములో జరుగును. గంపను చెడగొట్టకుండ ఏ కొమ్మ ఉంచవలెనో, ఏది తీయవలెనో తెలిసిన చేయి కావలెను. ఆగస్టులో కోత వచ్చును. గంపలు నేల మీదనే యుండుటచే పనివారు రోజంతయు వంగియే కోయవలెను. యంత్రములకు అక్కడ దారి లేదు. ఎకరమునకు ఒక టన్ను పండు వచ్చుట కూడ గగనమే. హైదరాబాదు పరిసరములలో అనాబ్-ఎ-షాహి రకమును పందిళ్ళపై, నీటి వసతితో పెంచిన రైతులు ఎకరమునకు పది టన్నులకు పైగా తీసియున్నారు. రెండింటికి గల తేడా నీటిలో నున్నది.

మాను పోయినను వేరు మిగులును

ఈ వ్యవసాయమునకు ప్రాణము వేరు. తీగను డెబ్బది, ఎనుబది సంవత్సరములు గుండ్రముగా అల్లుకొనుచు పోగా, వేరు నుండి చిగురు వరకు నీరు, సారము ప్రయాణింపవలసిన దారి మిక్కిలి పొడవై పోవును. దిగుబడి తగ్గును. అప్పుడు రైతు మొక్కను పెరికివేయడు. గంపను నేల మట్టమునకు దగ్గరగా నరికివేయును. లోపలి ముసలి వేరు నుండి క్రొత్త చిగురు పుట్టును. రెండు మూడేండ్ల పాటు పంట లేకపోయినను, దానిని మరల చిన్న గంపగా అల్లనారంభించును. వేరు పాతది, మాను క్రొత్తది. ఒకే వేరు మీద ఇట్లు మూడు నాలుగు గంపలు లేచినవని, రెండు మూడు వందల సంవత్సరముల వేళ్ళు ఇప్పటికిని కాపు కాయుచున్నవని అక్కడి సాగుదారులు చెప్పుదురు.

ఇట్టి వేరు బండల సందులలో మిక్కిలి లోతునకు దిగియుండును. వేసవిలో పై నేల ఎండినను లోపలి తేమను అందుకొనును. ఈనాడు నాటిన లేత మొక్కకు ఆ శక్తి రావలెనన్న రైతు జీవితకాలము పట్టును. ఎక్కడనైన మొక్క చచ్చి ఖాళీ ఏర్పడినచో, ప్రక్క తీగ కొమ్మను వంచి మట్టిలో పాతి నేల అంటు కట్టుదురు. ఆ కొమ్మ తన వేళ్ళు తాను వేసికొను వరకు తల్లి వేరే దానికి పాలిచ్చును. నర్సరీ నుండి తెచ్చిన మొక్క చచ్చు చోట ఈ అంటు బ్రతుకును.

ప్రపంచపు ద్రాక్ష తోటలలో సొంత వేరుపై నిలిచినవి తక్కువ. 19వ శతాబ్ది ఉత్తరార్ధములో ఫిలాక్సెరా అను వేరుపేను అమెరికా నుండి ఐరోపాకు వచ్చి తోటలను నాశనము చేసెను. అమెరికా జాతి తీగల వేళ్ళు ఆ పేనుకు ఓర్చుకొనునని కనుగొని, ఐరోపా రకములను ఆ వేళ్ళపై అంటుకట్టి రైతులు తోటలను మరల నిలుపుకొనిరి. నేటికిని అదియే పద్ధతి. శాంటోరినిలో మాత్రము ఆ అవసరము కలుగలేదు. ఆ పేను బంకమన్ను గల నేలలో, పగుళ్ళ వెంట, వేరు నుండి వేరునకు పాకును. బూడిద, ఇసుక నేలలో దానికి నిలువ చోటు లేదు. ఏ నేలను చూచి ఇతరులు పనికిరానిదని యనిరో, ఆ నేలయే తీగకు రక్షణ అయినది.

ఒక కుటుంబము, నాలుగు తరములు

దీవిలో వైను తయారీ చాల కాలము ఇంటి పని. మెత్తని బుడగరాతి కొండను తొలిచి గుహ వంటి గది చేసికొని, అందులోనే పండు త్రొక్కి, రసమును తొట్లలోను పీపాలలోను ఉంచెడివారు. ఆ గదిని కనావా అందురు. లోపల వేసవిలోను చల్లగా నుండును.

అక్కడి పేరుపొందిన సంస్థలలో ఆర్గిరోస్ కుటుంబమువారిది ఒకటి. ఎపిస్కోపి గ్రామమువద్ద 1903లో ఆరంభమై, నాలుగు తరములుగా అదే కుటుంబము చేతిలో నున్నది. రెండు వందల ఏండ్లు దాటిన తీగలు తమ తోటలలో నున్నవని వారు చెప్పుదురు. దీవిలో ముఖ్యమైన ద్రాక్ష రకము అసిర్టికో. తెల్లని పండు. ఎంత ఎండలో పండినను పులుపు తగ్గకపోవుట దీని విశేషము. ఐదాని, అతిరి అను రకములను కూడ పెంచుదురు.

వారు తీయు విన్‌సాంటో అను తీపి వైను విషయము గమనింపదగినది. కోసిన పండును ఎండలో పరచి పది పదునైదు రోజుల వరకు ఆరబెట్టుదురు. నీరు తగ్గి తీపి చిక్కబడును. తరువాత రసము తీసి, పులియబెట్టి, కనీసము 24 నెలలు పీపాలలో నిలువ యుంచుదురు. 19వ శతాబ్దిలో ఇది ఓడలపై రష్యా దేశమునకు విశేషముగా ఎగుమతి అయ్యెడిది. ఎకరమునకు కొద్దిపాటి పండు మాత్రమే వచ్చు రైతు పచ్చి పండును అమ్మి బ్రతుకలేడు. ఆరబెట్టి, నిలువచేసి, విలువ పెంచి అమ్మినందుననే ఆ కుటుంబములు నిలిచినవి. 1947లో చిన్న రైతులు సహకార సంఘముల సమాఖ్యగా కూడిరి. 1971లో శాంటోరిని పేరుకు గ్రీసు ప్రభుత్వము చట్టరీత్యా రక్షణ యిచ్చెను. అనగా మరియొక చోట పండించి ఆ పేరుతో అమ్మ వీలులేదు. మన ఆత్రేయపురం పూతరేకులకు, అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించుట వంటిదే ఇది.

అదే కష్టము, వేరు ఉపాయములు

అగ్నిపర్వతపు దీవులన్నిటను రైతులు ఒకే పద్ధతి పట్టలేదు. స్పెయిన్ దేశమునకు చెందిన లాంజరోటె దీవిలో 1730 నుండి 1736 వరకు అగ్నిపర్వతములు ప్రేలి మంచి పొలములను నల్లని గులకబూడిద క్రింద కప్పివేసెను. రైతులు ఆ బూడిదలో గరాటు వలె పెద్ద గుంటలు త్రవ్వి, అడుగున నున్న పాత మట్టి అందునట్లు ఒక్కొక్క తీగను నాటి, గాలి వచ్చు వైపున అర్ధచంద్రాకారముగా రాతి గోడ కట్టిరి. పైని బూడిద రాత్రి తేమను పట్టి, పగటి ఎండకు నేల ఆరకుండ కాపాడును. మొక్క పాదులో మనము చెత్త, ఆకు కప్పుట ఎట్టిదో అక్కడ బూడిద కప్పుట అట్టిది.

ఇటలీకి చెందిన పాంటెలేరియా దీవిలో తీగను చిన్న పొద వలె కత్తిరించి, పల్లపు పాదులో నాటుదురు. ఆ సాగు విధానమును 2014లో యునెస్కో సంస్థ మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చెను. గంప, గుంట, పాదు అను మూడు ఉపాయములలోను సూత్రము ఒక్కటే. గాలిని ఆపుట, ఉన్న తేమను పోనీయకుండుట, నేల మోయగలిగినన్ని మొక్కలనే ఉంచుట.

ఇప్పటి చిక్కు

ఇన్ని వందల ఏండ్లు నిలిచిన ఆ తోటలకు ఇప్పుడు ఆపద వచ్చినది. 1956 జూలై 9వ తేదీన వచ్చిన పెద్ద భూకంపములో ఇండ్లు కూలి, అనేక కుటుంబములు దీవిని విడిచిపోయెను. తరువాత యాత్రికుల రాక పెరిగెను. సముద్రము కనిపించు ప్రతి వాలుకు హోటలు కట్టువారి కన్ను పడెను. వంగి గంప అల్లుటకంటె హోటలులో పని సులువు, జీతము ఎక్కువ. అల్లిక తెలిసిన చేతులు ముసలివగుచున్నవి. ఒకప్పుడు దీవియంతట వ్యాపించిన తోటలు ఇప్పుడు సుమారు 3 వేల ఎకరములకు దిగినవి.

దీనికి తోడు ఎండలు ముదిరి, వానలు తగ్గినవి. 2023, 2024 సంవత్సరములలో పంట దారుణముగా పడిపోయెను. పండు ధర ఎంత పెరిగినను, చెట్టున పండు లేనప్పుడు రైతుకు ఒరుగునది లేదు. 2025 ఆరంభములో వరుసగా భూప్రకంపనలు వచ్చి వేలాది ప్రజలు కొంతకాలము దీవిని ఖాళీ చేయవలసి వచ్చెను. పొలము అమ్మినచో ఒక్కనాట డబ్బు చేతికి వచ్చును. కాని గోడ కట్టుటకై పెరికిన మూడు వందల ఏండ్ల వేరును ఎంత డబ్బు పెట్టినను తిరిగి కొనలేరు. ఆ రైతుల ఎదుట నున్న లెక్క ఇది.

మనము అనుకరింపరానివి

ఈ వ్యాసము చదివి మెట్టలో గంప ద్రాక్ష వేయబూనుట తగదు. మన కాకినాడ జిల్లాలో సంవత్సరమునకు 40 అంగుళములకు పైబడి వాన పడును. గాలిలో తేమ ఎక్కువ. నేల మీద దట్టముగా అల్లిన తీగకు ఇచ్చట బూజు తెగులు పట్టి మొదటి ఏటనే నాశనమగును. దక్కనులో ద్రాక్ష చలికి నిద్రపోదు గనుక, అక్కడి రైతులు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరు ప్రాంతమున ఒకసారి కత్తిరించుదురు. శాంటోరినిలో ఒక్క కత్తిరింపు చాలును. మొక్క ఒకటే యైనను చోటు మారినచో సేద్యము మారును.

ఈ సంగతి సామర్లకోటకు క్రొత్త కాదు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, వృక్ష శాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుండి ఇచ్చట ఉద్యోగము చేసెను. సామర్లకోటకు ఉత్తరమున నున్న కొండలలో అడవి మిరియపు తీగను చూచి, దానిని తెప్పించి ఇచ్చట తోట వేయించెను. 1789 నాటికి సుమారు 50 ఎకరములలో 40, 50 వేల తీగలు ఎదిగెను. అయితే కేవలము ఆడ పూలే పూయు తీగల గింజలు సరిగా పండక పచ్చిగానే రాలెను. ఎండబెట్టినను వాటికి తగిన ఘాటు లేకపోయెను. ఆడ పూలు, ద్విలింగ పూలు ఒకే కంకిపై గల తీగల మిరియములు మాత్రము మలబారు మిరియములకు దీటుగా నున్నవని వర్తకులు మెచ్చిరి. తీగ గుణము తెలియకుండ ఎకరములు పెంచిన ప్రయోజనము లేదని ఆ తోట ఆనాడే చూపినది.

మనము గ్రహింపదగినవి

పెద్దాపురము, జగ్గంపేట, ప్రత్తిపాడు, ఏలేశ్వరము ప్రాంతపు మెట్టలలో మామిడి, జీడిమామిడి తోటలు, గట్లపై తాటిచెట్లు గలవు. తోట ముసలిదైనదని, కాపు తగ్గినదని చెట్లను కొట్టివేయు ముందు రైతు సోదరులు ఈ దిగువ విషయములు ఆలోచింపవలెను.

1. ముసలి మామిడి చెట్టు మంచి రకమైనచో దానిని మొదలంట నరుకనక్కరలేదు. భూమికి 10, 12 అడుగుల ఎత్తున ముదురు కొమ్మలను కత్తిరించి, కోతలకు బోర్డో పేస్టు పూయవలెను. చిగుళ్ళు గుంపుగా వచ్చును. వాటిలో బయటి వైపునకు సాగు బలమైనవి కొమ్మకు మూడు నాలుగు మాత్రము ఉంచి మిగిలినవి తీసివేయవలెను. కాండము తొలుచు పురుగును కనిపెట్టి చూడవలెను. రెండు మూడేండ్లకు కాపు మొదలగును. వేరు ఎట్లును పాతదే గనుక క్రొత్త మొక్కకంటె ముందు అందివచ్చును.

2. ముసలి చెట్టైనంత మాత్రమున మంచి చెట్టు కాదు. గింజ నాటి పెంచిన జీడిమామిడి కొన్ని చెట్లకు కాపే రాదు. ఏ చెట్టు ఎంత కాయుచున్నదో మూడేండ్లు వరుసగా గుర్తించి, కాయని వాటిని తీసి, వాటి చోట బాపట్ల పరిశోధన కేంద్రము విడుదల చేసిన బి.పి.పి.-8 వంటి అంటు మొక్కలు నాటవలెను. తోట అంతయు ఒకేసారి కొట్టినచో ఇంటికి రాబడి ఆగిపోవును.

3. తాటిచెట్టు విషయములో తొందర మరింత కూడదు. విత్తిన పిమ్మట కాపుకు 12, 15 ఏండ్లు, ఒక్కొక్కచో అంతకంటె ఎక్కువ పట్టును. అది పోతుతాడో పండుతాడో పూత వచ్చు వరకు తెలియదు. ఇటుక బట్టీకి అమ్మిన చెట్టుకు బదులు చెట్టును ఆ రైతు కొడుకు కాలమునకు గాని చూడలేడు. నీరా, తాటిబెల్లము, ముంజ, తేగ వీటి విలువ పెంచు పద్ధతులపై రంపచోడవరము వద్ద పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రములో పని జరుగుచున్నది. చెట్టు అమ్మకముందు అచ్చట విచారించుట మంచిది.

4. మెట్టలో పాదులకు ఆకు, చెత్త, కొబ్బరి పీచు కప్పి తేమను కాపాడవలెను. వాలు భూములలో అడ్డముగా గట్లు వేసి వానను పొలములోనే ఇంకించవలెను. నేల మోయగల మొక్కలకంటె ఎక్కువ నాటరాదు.

5. గ్రామాధికారులు 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము క్రింద చెట్ల నరికివేతకు గల నిబంధనలను రైతులకు ముందుగానే తెలియజెప్పవలెను. మంచి కాపు గల ముసలి చెట్లు గ్రామములో ఎక్కడెక్కడ నున్నవో ఒక జాబితా వ్రాసి యుంచినచో, అంటు కొమ్మలు కావలసినప్పుడు అది అందరికి ఉపయోగపడును.

శాంటోరిని రైతుకు నీరు లేదు, మట్టి లేదు, యంత్రము లేదు. అతనికి ఉన్నది ముసలి వేరు, దానిని అల్లు చేయి. ఆ రెండింటిలో ఏది పోయినను తోట పోవును. మనకు వానయు, కాలువయు, కోట్ల ఏండ్ల నల్లమట్టియు ఉన్నవి. కావున చెట్టుకు గొడ్డలి తగిలించు ముందు దాని వయస్సును, కాపును, మరల అంతటి చెట్టు ఎదుగుటకు పట్టు కాలమును ఒక కాగితముపై వ్రాసి లెక్క చూచుకొనుడు. లెక్క తేలక సందేహము కలిగినచో మీ గ్రామ ఉద్యాన సహాయకుని తోటకు పిలిచి చూపించుడు.